రెండో పిడికెడు

మొన్న ఆదివారం ఫోన్లో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నప్పుడు మీలో పెద్దది ఒక మాట అడిగింది. అప్పుడు నేను పొయ్యి దగ్గర నిలబడి బియ్యం కొలుస్తున్నాను. కొలిచినదాంట్లోంచి ఒక పిడికెడు తీసి పసుపుపచ్చ మూత డబ్బాలో వేశాను. ఇంకో పిడికెడు తీసి పక్కనున్న స్టీలు డబ్బాలో వేశాను. "అమ్మమ్మా, మొదటిది గుడికని తెలుసు. రెండోది ఎవరికి?" అంది. సరిగ్గా అప్పుడే గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి బెల్లు కొట్టాడు. నేను తిరిగొచ్చేసరికి మీరిద్దరూ లేరు, మీ అమ్మ ఒక్కతే ఉంది.

అందుకని రాస్తున్నాను. ఒకరు పుణేలో, ఒకరు కోయంబత్తూరులో. ఫోన్లో చెబితే సగంలో ఎవరికో ఒకరికి ఇంకో కాల్ వస్తుంది. కాగితానికి ఆ బాధ లేదు.

మొదటి పిడికెడు సంగతి మీకు తెలిసిందే అయినా మళ్ళీ చెప్తాను. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా పెట్టేది. ఆదివారం గుడికి తీసుకెళ్ళి అక్కడున్న గంపలో పోసేది. మా పల్లెలో క్రైస్తవ కుటుంబాలన్నీ అంతే. చేతిలో డబ్బు ఉన్నా లేకపోయినా పిడికెడు బియ్యం ఉండేవి. ఆ గంపతో పాస్టరుగారి ఇల్లు గడిచేది. ఎవరికన్నా జబ్బు చేసి పనికి వెళ్ళలేకపోతే వాళ్ళ ఇల్లూ గడిచేది. నేనూ అదే నేర్చుకున్నాను.

రెండో పిడికెడు మాత్రం నాకు ఉద్యోగంలో అంటుకుంది.

మీకు తెలిసిన అమ్మమ్మ గుడివాడలో కూర్చుని ఆవకాయ పెట్టి పంపే అమ్మమ్మ. అంతకుముందు ఇంకో అమ్మమ్మ ఉండేది. ఆవిడ బందరులో, అదే మీ పుస్తకాల్లో మచిలీపట్నం, ఒక బీమా కంపెనీ బ్రాంచిలో పనిచేసింది. చేత గొడుగు, భుజాన సంచి. జనం పాలసీ తీసుకునేలా చేయడం ఒక పని. తీసుకున్నవాళ్ళు మధ్యలో మానేయకుండా చూడటం అంతకంటే పెద్ద పని. నన్ను దూరం నుంచి చూసి సందు మార్చిన మగవాళ్ళు ఇప్పుడు పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నారు. వాళ్ళ పేర్లు చెప్పను.

నేను రిటైరయ్యే రోజులు దగ్గరపడుతున్నప్పుడు హెడ్డాఫీసు నుంచి ఒక సర్వే వచ్చింది. ముస్లింల కోసం వాళ్ళ ధర్మానికి తగ్గట్టు ఒక బీమా తేవాలని కంపెనీకి ఆలోచన కలిగింది. దాన్ని తకాఫుల్ అంటారు. మామూలు బీమాలో మనం కట్టిన డబ్బు వడ్డీకి తిరుగుతుంది. వాళ్ళకి వడ్డీ కూడదు. రేపేం జరుగుతుందో తెలియనిదాని మీద పందెం కాసినట్టుందని ఇంకో అభ్యంతరం. ఈ కొత్తదాంట్లో అందరూ తలా కొంచెం సాయం అనుకుని ఒకచోట వేస్తారు. ఆపద వచ్చినవాళ్ళకి అందులోంచి ఇస్తారు. కంపెనీ దాన్ని నడిపినందుకు కూలి తీసుకుంటుంది, అంతే. మిగిలింది వేసినవాళ్ళదే.

మేం అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఇలాంటిదొకటి ఉందని మీకు తెలుసా? వస్తే తీసుకుంటారా?

ఈ పని నాకూ, మా బ్రాంచిలో కాంట్రాక్టు మీద చేస్తున్న ఒక అమ్మాయికీ అప్పగించారు. ఆ అమ్మాయిది బందరులోనే పరుపులు కుట్టేవాళ్ళ వీధి. వాళ్ళు ముస్లింలు, ఇంట్లో మాట్లాడేది మనలాగే తెలుగు. తండ్రి జీవితమంతా దూది ఏకి ఏకి ఊపిరి పాడుచేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు ఈ పిల్ల జీతం మీద నడుస్తోంది. కాంట్రాక్టేమో ఆ ఎండాకాలంతో అయిపోతుంది. మా మేనేజరు ఇద్దర్నీ పిలిచి ఆ అమ్మాయితో చెప్పారు, "చూడమ్మా, గిరాకీ ఉందని తేలితే మన బ్రాంచిలో దీనికి ఒక కొత్త సీటు వస్తుంది. ఆ సీటు నీదే. తేలకపోతే నా చేతిలో ఏం లేదు."

మేనేజరుది ఉయ్యూరు. పంచదార ఫ్యాక్టరీ పక్కన పెరిగిన మనిషి కాబట్టి మాట తియ్యగా ఉండేది. రసం ఆయన తీసుకుని పిప్పి మాకు వదిలేసేవారు గానీ, మనసు మంచిది.

మేం వీధి వీధీ తిరిగాం. ఎండ. ప్రతి ఇంట్లోనూ టీ. వద్దంటే బాధపడతారు. తాగి తాగి నాకు కడుపులో ఒక చిన్న సముద్రం తయారైంది.

"తకాఫుల్ అని విన్నారా అమ్మా?"

"లేదండి."

"వస్తే తీసుకుంటారా?"

"తప్పకుండానండి."

అన్ని ఇళ్ళల్లోనూ ఇదే. ఒకావిడ మాత్రం విన్నానంది. ఆవిడ భర్త రోల్డ్ గోల్డ్ గొలుసులకి పూత వేస్తాడు, ఆవిడ నోటికి పూతా గీతా ఏం ఉండదు. "కువైట్లో మా తమ్ముడి కారుకి ఉందంటండి అది. కారు కాలవలో పడితే కొత్త కారు ఇచ్చారంట. కువైట్లో కాలవలు ఉంటాయాండి?" అని నన్నే అడిగింది.

మేనేజరు పొంగిపోయారు. వీధి మొత్తం కావాలంటోంది. కాగితాలు హెడ్డాఫీసుకి వెళ్ళాయి. అక్కడ ఎవరో కొంచెం చదువుకున్నవాళ్ళు ఉన్నట్టున్నారు, జవాబు వచ్చింది. అదేంటో తెలియదంటూనే కావాలన్నవాళ్ళని గిరాకీ కింద లెక్కేయడం కుదరదు, ముందు అర్థమయ్యేట్టు చెప్పండి, తర్వాత మళ్ళీ అడగండి, అప్పుడు మా ఆఫీసరు వచ్చి స్వయంగా చూస్తారు అని.

చెప్పడానికి మొదట మేనేజరే వచ్చారు. హెడ్డాఫీసు పంపిన పెద్ద బొమ్మ ఒకటి గోడకి తగిలించారు. దాంట్లో గుండ్రాలు, గుండ్రాల మధ్య బాణాలు. ఆయన కర్రతో చూపిస్తూ చాలాసేపు చెప్పారు. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా విన్నారు. అయిపోయాక అర్థమైందా అంటే ఒక ముసలావిడ లేచి దగ్గరకొచ్చి, ఒక గుండ్రం మీద వేలు పెట్టి, "నాయనా, ఇది అవనిగడ్డ అయితే మరి కోడూరు బస్సు ఎటు తిరుగుద్ది?" అంది.

ఆవిణ్ణి వీధంతా నానీ, అంటే అమ్మమ్మ, అనేవారు. దివిసీమ చివర కోడూరు వైపు నుంచి ఎప్పుడో బందరు వచ్చి స్థిరపడిన మనిషి. వీధిలో పెళ్ళిళ్ళకీ చావులకీ వంట వండే పెద్ద గుండిగ ఒకటి ఆవిడ వరండాలోనే బోర్లించి ఉండేది. నలుగురు మోయాలి దాన్ని.

ఆ సాయంత్రం నేను ఆ గుండిగ మీద చెయ్యేసి కూర్చున్నప్పుడు నాకు మా అమ్మ గంప గుర్తొచ్చింది. "నానీ, దీన్ని వెల్లకిలా పెట్టిద్దాం," అన్నాను. పెట్టించాం. "ఇప్పుడు ప్రతి ఇంటి నుంచీ పిడికెడు బియ్యం తీసుకురండి," అన్నాను. నవ్వుకుంటూ తెచ్చారు, పోశారు. "ఈ వీధిలో ఎవరికన్నా ఆపద వస్తే దీంట్లోంచి తీసిస్తాం. ఎవరికీ రాకపోతే మిగిలింది అందరం వండుకు తింటాం. ఎవరూ ఎవరికీ బాకీ లేదు, వడ్డీ లేదు. తకాఫుల్ అంటే ఇంతే."

"ఇంతేనా?" అంది రోల్డ్ గోల్డ్ ఆవిడ. "మరి ఆ బాణాలెందుకండీ?"

నాతో తిరుగుతున్న కాంట్రాక్టు పిల్ల కళ్ళు మెరిశాయి. అప్పటికే తనని నేను మా అమ్మాయి అనడం మొదలుపెట్టాను. తిరిగొస్తూ, "మేడం, సీటు వచ్చేసినట్టే," అంది. నాకూ అలాగే అనిపించింది. ఉదాహరణ చెప్పానని నేననుకున్నాను. మొదలుపెట్టించానని వాళ్ళనుకున్నారు.

మరుసటి వారం వెళ్తే గుండిగ సగానికి వచ్చింది. రోజూ పోస్తున్నారు. పై సందువాళ్ళు కూడా చేరారు. మగవాళ్ళకి అనుమానం వచ్చి మసీదులో నమాజు చేయించే హజ్రత్‌గారిని అడిగితే ఆయన, "ఇరుగుపొరుగు కోసం పిడికెడు బియ్యం పెట్టడానికి నన్ను అడగాలా? ఎలకలు పడకుండా మూత పెట్టండి," అన్నారట. మూత కూడా వచ్చింది.

ఆ వెనకే ఆపదలు వచ్చాయి. అంతకుముందు ఆ వీధిలో అన్ని ఆపదలు ఎప్పుడూ లేవని నానీయే అంది. ఒకావిడ ఇంట్లో పిల్లి పాలు తాగేసింది. ఒకావిడ భర్త ఇంట్లో బియ్యం తీసుకెళ్ళి చెల్లెలికి ఇచ్చొచ్చాడు. రోల్డ్ గోల్డ్ ఆవిడ మిక్సీ కాలిపోయింది.

"మిక్సీకి బియ్యమెందుకే?" అంది నానీ.

"మిక్సీ లేకపోతే అట్లకి పిండి రుబ్బుకోలేను గదా నానీ. అట్లు లేకపోతే అన్నమే తినాలి గదా. అన్నానికి బియ్యం కావాలి గదా."

నేను ముప్పై ఏళ్ళకి పైగా క్లెయిములు చూశాను గానీ ఇంత చక్కటి వాదన వినలేదు.

అన్నిటికంటే పెద్ద గొడవ ఒక అత్తాకోడళ్ళది. కోడలు అలిగి గుడివాడలో పుట్టింటికి వెళ్ళిపోయింది. అత్తగారు వచ్చి, వంట చేసే మనిషి పోయింది, ఇంతకంటే ఆపద ఏముంది, నా వాటా కొలవండి అని కూర్చుంది. ఆ కబురు గుడివాడ చేరింది. అక్కడి నుంచి కోడలు మా అమ్మాయికి ఫోన్ చేసింది. "అక్కా, ఆపద వచ్చింది నాకు. అందుకే వెళ్ళిపోయాను. ఆ బియ్యం నాకు రావాలి. ఆవిడకి ఒక్క గింజ ఇచ్చినా ఊరుకోను."

నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను కంపెనీ మనిషిని, కల్పించుకోనన్నాను. నానీ గుండిగ మూత మీద చెయ్యి పెట్టి చెప్పింది. "వచ్చి ఏడ్చి అడిగేవాళ్ళకి ఇవ్వొద్దు. అడక్కుండా లోపల ఏడ్చేవాళ్ళెవరో చూసి వాళ్ళకివ్వండి." ఇక పాలసీ షరతులన్నీ ఆ రెండు ముక్కల్లోనే. ఆ వారమే ఎవరూ అనుకోని ఇంటికి బియ్యం వెళ్ళాయి. తండ్రికి డయాలసిస్ మొదలైందని బయటికి చెప్పుకోని ఒక టైలరు ఇంటికి. పిల్లి, మిక్సీ, అత్తగారు మూడు క్లెయిములూ కొట్టేశారు.

అప్పుడు మేం రెండోసారి అడగడానికి బయల్దేరాం.

"తకాఫుల్ అంటే తెలుసా అమ్మా?"

"భలేవారే. మా చేత చెప్పించుకుంటారా ఏంటి?" అని చెప్పేవారు. వడ్డీ ఎందుకు లేదో, మిగిలింది ఎవరిదో, నేను మర్చిపోయిన సంగతులు కూడా.

"మరి మా కంపెనీ తెస్తే తీసుకుంటారా?"

"ఎందుకండీ? ఉందిగా."

ప్రతి ఇంట్లోనూ ఇదే. టీ మాత్రం మామూలే.

తెలియనప్పుడు అందరికీ కావాలి. తెలిశాక ఒక్కరికీ వద్దు. సందు చివర మా అమ్మాయి ఆగిపోయి, చెప్పులోంచి రాయి తీసుకుంటున్నట్టు వంగి, "మేడం, మనం బాగా చెప్పామంటారా, చెడ్డగా చెప్పామంటారా?" అంది. నేను ఎంత చక్కగా చెబితే ఆ పిల్ల సీటు అంత దూరం జరిగింది.

ఆఫీసరు వచ్చే రోజు దగ్గరకొచ్చింది. మేనేజరు నన్ను పక్కకి పిలిచి, "మేడంగారూ, మీరొక మాట చెబితే ఆడవాళ్ళు వింటారు గదా. ఆ ఒక్కపూట కావాలనమనండి," అన్నారు. నేను అననన్నాను. మా అమ్మాయినీ అడిగారు. "నా నోటితో నేను అడగలేను సార్," అంది. అది వీధికి తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే, ఆ రోజు ఆఫీసుకి రోల్డ్ గోల్డ్ ఆవిడ మిక్సీకి ఇన్సూరెన్స్ ఉందేమో కనుక్కోవడానికి వచ్చి తలుపు పక్కన కూర్చునుంది.

మీటింగు నానీ వరండాలోనే పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆఫీసరు సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. తెలుగు బాగానే వచ్చు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆడవాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చున్నారు. అంతా కొత్త చీరలు. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

"అమ్మా, ఈ బీమా వస్తే మీరు తీసుకుంటారా?" అన్నాడు.

వరండా మొత్తం చేతులు లేచాయి.

"నాకు రెండు కావాలి సార్," అంది రోల్డ్ గోల్డ్ ఆవిడ. "ఒకటి నాకు, ఒకటి మా తమ్ముడికి."

"మీ తమ్ముడికి కువైట్లో ఉందన్నావు గదే," అంది వెనక నుంచి ఎవరో.

"అది కారుకి. ఇది మనిషికి."

"పుట్టబోయే మా మనవడికి కూడా రాసుకోండి," అంది అత్తగారు. కోడలు ఇంకా గుడివాడలోనే ఉంది.

ఆఫీసరు కలం పట్టుకుని అందర్నీ ఒకసారి చూశాడు. "చాలా సంతోషం. ఎందుకు కావాలనుకుంటున్నారో ఒకరు చెప్తారా?"

చేతులు దిగాయి. దాని సంగతి ఎవరూ ఆలోచించుకోలేదు. మేనేజరు పైన తిరగని ఫ్యాను వైపు చూస్తున్నారు. చివరికి రోల్డ్ గోల్డ్ ఆవిడకే ఉండబట్టలేదు.

"ఏం చెప్పమంటారండీ. మా పిల్ల ఉద్యోగం నిలబడాలి గదా."

మా అమ్మాయి తల వంచుకుంది. ఆఫీసరు నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. కలం మూత పెట్టేసి, "మరి ఆ వాసన ఏంటమ్మా?" అన్నాడు.

వెనక పెరట్లో పులావు ఉడుకుతోంది. ఆ నెల గుండిగలో మిగిలిన బియ్యం అది. ఆ రోజే వండుకుందామని ముందే అనుకున్నారట, ఆఫీసరు రాకకీ దానికీ సంబంధం లేదని చెప్పారు. నేను సగమే నమ్మాను. ఇక అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. గుండిగ గురించి, పిడికెడు గురించి, పిల్లి గురించి, మిక్సీ మీద జరిగిన అన్యాయం గురించి. ఆఫీసరు చాప మీద కూర్చుని విన్నాడు. ప్లేటు చేతికొచ్చింది, తింటూ విన్నాడు.

నానీ ఆయనకి ఎదురుగా కూర్చుంది. "నాయనా, మీ కంపెనీ ఎన్ని పిడికిళ్ళు వేస్తది?"

"మేం వెయ్యమమ్మా. మీరు వేసింది జాగ్రత్తగా చూసుకుంటాం. చూసినందుకు కూలి తీసుకుంటాం."

"మిగిల్తే?"

"మిగిల్తే మీదే."

"అంటే వంటమేస్త్రివి."

"అవునమ్మా," అన్నాడు, నిజంగా సంతోషించాడు. "నేను ఇన్ని ఊళ్ళు తిరిగి ఇదే చెప్పాలని చూస్తున్నాను. వంటమేస్త్రినే."

"వంట మాకొచ్చు గదా నాయనా," అంది నానీ, ప్లేట్లో ఇంకో గరిటె వేస్తూ.

అయిపోయింది. నేను మా అమ్మాయి వైపు చూడలేకపోయాను. మేనేజరు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

నానీ మాత్రం లేవలేదు. గరిటె పళ్ళెంలో పెట్టి, గుండిగ వైపు చూస్తూ మాట్లాడింది. ఎవరితోనో చెప్పాలని చెప్పినట్టు లేదు.

"ఒకిల్లు పడితే పదిళ్ళు అన్నం పెడతాయి. పదిళ్ళూ ఒకేసారి పడితే ఎవరు పెడతారు? మా ఊళ్ళో ఉప్పెన నీళ్ళొచ్చినప్పుడు ఇట్టాంటి గుండిగే పట్టుకుని తేలాన్నేను. తెల్లారి చూస్తే గుండిగ ఉంది, నేనున్నాను. గింజ లేదు. మా ఇంటోనే కాదు, చుట్టుపక్కల ఎవరింటోనూ లేదు. పెద్ద గుండిగ పెట్టుకుని దాని పక్కన ఆకలితో కూర్చున్నాను. ఆ తర్వాత బియ్యం వచ్చినయ్. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో. ఆ ఊళ్ళ పేర్లు నాకిప్పటికీ తెల్వదు." ఆగి ఆఫీసరు వైపు తిరిగింది. "మా పక్క గుండిగ మాకుంది నాయనా. దూరంగా ఉండే గుండిగ కావాలి. అది నీ దగ్గరుందా?"

ఆఫీసరు తినడం ఆపాడు. "ఉండాలనే వచ్చానమ్మా. ఉందో లేదో పైన అడగాలి," అన్నాడు.

"అడుగు. ఉందంటే మొదటి పిడికెడు నాదే."

ఈసారి ఎవరూ చేతులెత్తలేదు. అందరూ తలలూపారు. నా సర్వీసులో చూసిన నిజమైన గిరాకీ అదొక్కటే. ఆయన కలం మూత తీసి ఎడమ చేత్తోనే ఏదో రాసుకున్నాడు, కుడి చేతికి పులావు ఉంది.

ఏమైందని అడుగుతారు. ఏం కాలేదు. ఆయన మనస్ఫూర్తిగానే రాశాడని తర్వాత తెలిసింది. కాగితం పైకి వెళ్ళింది. దేశంలో బీమా నిబంధనలకీ దీనికీ ఎక్కడో పొసగలేదని ఒకరన్నారు, కంపెనీకి ఓపిక లేదని ఇంకొకరన్నారు. పైకి వెళ్ళింది మళ్ళీ కిందికి రాలేదు. కొత్త సీటూ రాలేదు. మా అమ్మాయి కాంట్రాక్టు అయిపోయిన రోజున ఆఫీసు గొడుగు మడిచి నా టేబుల్ మీద పెట్టి, "మేడం, కర్ర కొంచెం వంగింది, మేనేజరుగారికి చెప్పకండి," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి గుమ్మంలో గొడవ జరుగుతోంది. నానీ, రోల్డ్ గోల్డ్ ఆవిడ, ఇంకో ఇద్దరు బియ్యం మూట పట్టుకుని నిలబడ్డారు. పిల్ల అడ్డంగా నిలబడింది.

"నేను అడగలేదు నానీ. నేనేం ఏడవట్లేదు గదా."

"అందుకేనే," అంది నానీ. "జరుగు."

జరిగింది. మూట లోపలికెళ్ళాక తలుపు చాటుకి పోయి అప్పుడు ఏడ్చింది. రోల్డ్ గోల్డ్ ఆవిడ బయట నిలబడి, "చూశారా మేడంగారండీ, ముందే ఏడ్చుంటే ఇచ్చేవాళ్ళే కాదు. నా మిక్సీ విషయంలో నేను చేసిన తప్పదే," అంది నాతో.

కొన్ని నెలలకి ఆ పిల్లకి అవనిగడ్డలో ఉద్యోగం దొరికింది. మా కంపెనీలో కాదు, మాకు పోటీ కంపెనీలో. రొయ్యల చెరువులకి బీమా చేసే పని. మేనేజరు బాధపడ్డారు, నేను పడలేదు. అక్కడ తను ఉన్న వీధిలో ఒక గుండిగ మొదలుపెట్టింది. దాంట్లో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు, చేపలమ్మే వాళ్ళు చాలామంది. గుడివాడలో అలిగి కూర్చున్న కోడలు కూడా, తీరిక దొరికిందేమో, పుట్టింటి వీధిలో ఒకటి పెట్టింది. తర్వాత రాజీపడి బందరు వచ్చేసింది గానీ గుండిగ గుడివాడలో ఉండిపోయింది. నేను రిటైరై ఇక్కడికి వచ్చాక చూస్తే అది మా వెనక వీధే. వెళ్ళి చేరాను. చేరేటప్పుడు ఒక చిన్న అమ్మాయి నాకు తకాఫుల్ అంటే ఏంటో మొదటి నుంచీ వివరించింది. తెలియనట్టే విన్నాను. బాగా చెప్పింది.

ఇక ఒక్క సంగతి. ఒక ఏడాది గాలివానకి కోడూరు వైపు నీళ్ళు చొచ్చుకొచ్చాయి. అవనిగడ్డ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఇక్కడ గుండిగ అడుగంటింది. కోడూరులో పొయ్యిలే తడిసిపోయినయ్." అంతే అంది. అడగలేదు. అడగనివాళ్ళకి ఇవ్వాలని మాకు తెలుసు గదా.

గుడివాడ గుండిగ బోర్లించి మూటలు కట్టారు. తీసుకెళ్ళడానికి మనిషి కావాలి. ఖాళీగా ఉండేది నేనొక్కదాన్నే. బందరు బస్సెక్కించారు. కండక్టరు వచ్చి మూటలు చూశాడు.

"ఏంటి మామ్మగారూ ఇవన్నీ?"

"ఇన్సూరెన్సు బాబూ."

"ఇన్సూరెన్సుకి లగేజీ టిక్కెట్టు కొట్టాలండి," అని కొట్టాడు.

బందరు బస్టాండులో నానీ వీధివాళ్ళు వాళ్ళ మూటలతో ఎదురుచూస్తున్నారు. నానీ నడవలేక ఆటోలోనే కూర్చుంది. నన్ను చూసి, "దూరం గుండిగ వచ్చిందా?" అంది. "వచ్చింది నానీ," అన్నాను. ఆవిడ తన కొంగు ముడి విప్పి, అందులో ఉన్న పిడికెడు బియ్యం నా మూటలో పోసింది. ఆఫీసరుకి ఇస్తానన్న మొదటి పిడికెడు అదేననుకుంటాను. పాపం, ఆయన అక్కడ ఉండుంటే బాగుండేది.

అదీ రెండో డబ్బా, వెనక వీధి గుండిగకి వెళ్ళేది. ఈసారి మీరొచ్చినప్పుడు పసుపు మూత డబ్బా ఎలాగూ ముట్టుకోరు. స్టీలుది కూడా ముట్టుకోకండి. ఇంట్లో బియ్యం నిండుకున్నా కొట్టుకెళ్ళి తెచ్చుకోండి గానీ అందులో చెయ్యి పెట్టకండి. అవి కోడూరు వాళ్ళవి. మనింట్లోకి ఎప్పుడన్నా నీళ్ళొస్తే భయపడకండి. మన బియ్యం కోడూరులో ఉన్నాయి.